యూనివర్సిటీ ఒకటే, ఒక కోర్సు రమ్మంది, ఇంకోటి వద్దంది: అసలు లోపల ఏం జరుగుతుంది?

మీరు అడిగింది ఇదీ కదా: మీరూ మీ ఫ్రెండూ ఒకే యూనివర్సిటీకి అప్లై చేశారు, మీది నాలుగుకి 3.7 జీపీఏ, స్టాటిస్టిక్స్ ఎంఎస్‌కి పెడితే రిజెక్ట్ అయింది, తనది 3.4, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ పీహెచ్‌డీకి పెడితే ఫండింగ్‌తో సహా వచ్చింది, వెబ్‌సైట్‌లో చూస్తే కనీసం 3.0 ఉంటే చాలని ఉంది. మరి నాకు అన్యాయం జరిగిందా, వచ్చే ఏడాది ఏదో ఒక తేలికైన డిపార్ట్‌మెంట్‌లో చేరిపోయి తర్వాత స్టాటిస్టిక్స్‌లోకి మారొచ్చా అని.

నేను ఒక స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ అడ్మిషన్ కమిటీలో 11 ఏళ్లు పనిచేశాను. మీలాంటి ఫైళ్లు వందల్లో చదివాను, వద్దని రాసిన వాటిల్లో కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొట్టమొదటి సంగతి, మిమ్మల్ని యూనివర్సిటీ రిజెక్ట్ చెయ్యలేదండి. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు ప్రొఫెసర్లు కూర్చుని వద్దన్నారు, అంతే. మీ ఫ్రెండ్ ఫైలు వాళ్లు చూడనే లేదు, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ వాళ్లు మీ ఫైలు చూడలేదు. లెటర్ మీద ముద్ర ఒకటే కాబట్టి ఒకే చోట ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి పోల్చారని మనకి అనిపిస్తుంది గానీ ఆ పోలిక ఎక్కడా జరగలేదు. గ్రాడ్యుయేట్ చదువుల్లో (అంటే డిగ్రీ తర్వాత చదివే ఎంఎస్, పీహెచ్‌డీల్లో) యూనివర్సిటీ అనేది ఒక గొడుగు, కింద ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌దీ వేరే కాపురం.

మరి ఆ 3.0 సంగతేంటి అంటారా. అది గ్రాడ్యుయేట్ స్కూల్ పెట్టిన గీత, దాని అర్థం ఇంతకంటే తక్కువ ఉన్నవాళ్లని తీసుకోవాలంటే డిపార్ట్‌మెంట్ ప్రత్యేకంగా పర్మిషన్ అడగాలి అని. అది దాటితే మీ ఫైలు తెరుస్తారు. తెరిచాక ఏం చూస్తారన్నది ఆ గీత చెప్పదు, డిపార్ట్‌మెంట్ చెప్తుంది. ఇంగ్లిష్ స్కోర్ల విషయంలో కూడా ఇదే వరస. ఆక్స్‌ఫర్డ్‌లో ఐఈఎల్‌టీఎస్‌కి రెండు లెవెల్స్ ఉన్నాయి, స్టాండర్డ్ లెవెల్ అంటే మొత్తం 7.0, ఏ విభాగంలోనూ 6.5 తగ్గకూడదు, హయ్యర్ లెవెల్ అంటే మొత్తం 7.5, ఏ విభాగంలోనూ 7.0 తగ్గకూడదు. ఏ కోర్సుకి ఏది అన్నది ఆ కోర్సు పేజీలోనే ఉంటుంది. ఎవరో ఆక్స్‌ఫర్డ్‌కి 7 సరిపోతుందన్నారని మీరు హయ్యర్ లెవెల్ కోర్సుకి 7తో వెళ్తే ఇబ్బంది పడేది మీరే.

ఇక్కడ ఒక పాత లెక్క చెప్పాలి, మా స్టాటిస్టిక్స్ క్లాసుల్లో ఇది చెప్పకుండా ఏడాది గడవదు. 1973లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో గ్రాడ్యుయేట్ చదువులకి అప్లై చేసిన మగవాళ్లు 8,442 మంది, అందులో 44 శాతం మందికి అడ్మిషన్ వచ్చింది. ఆడవాళ్లు 4,321 మంది, వాళ్లలో 35 శాతానికే వచ్చింది. చూడగానే ఆడవాళ్లకి అన్యాయం జరిగిందనిపిస్తుంది. పీటర్ బికెల్ అనే స్టాటిస్టిషియన్, ఇంకో ఇద్దరు కలిసి డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టి చూస్తే, పెద్ద డిపార్ట్‌మెంట్లలో చాలా వాటిలో ఆడవాళ్లకి అడ్మిషన్ శాతం మగవాళ్లతో సమానంగానో ఇంకాస్త ఎక్కువగానో ఉంది. 1975లో సైన్స్ పత్రికలో వేశారు. పెద్ద డిపార్ట్‌మెంట్లు ఆరింటిని ఏ నుంచి ఎఫ్ దాకా పిలుస్తుంటారు. ఏ అనే దాంట్లో మగవాళ్లు 825 మంది అప్లై చేస్తే 62 శాతానికి, ఆడవాళ్లు 108 మంది చేస్తే 82 శాతానికి వచ్చింది. ఎఫ్ అనే దాంట్లో 373 మంది మగవాళ్లలో 6 శాతానికి, 341 మంది ఆడవాళ్లలో 7 శాతానికి. అంటే ఆడవాళ్లు ఎక్కువమంది వెళ్లింది ఎవర్నైనా సరే తక్కువగా తీసుకునే డిపార్ట్‌మెంట్లకి, మొత్తం కలిపితే శాతం పడిపోయింది.

ఈ లెక్కని అందరూ ఆడామగా తేడా కోసమే చెప్తారు గానీ మీ ప్రశ్నకి కావలసింది ఇంకోటి అందులో ఉంది. ఒకే యూనివర్సిటీ, ఒకే ఏడాది, ఒక డిపార్ట్‌మెంట్ ఆడామగా కలిపి వందమందిలో 64 మందిని రమ్మంది, ఇంకోటి వందకి ఆరుగురేడుగురిని. యూనివర్సిటీ మొత్తానికి లెక్కేస్తే 41 శాతం వస్తుంది, ఆ 41 ఈ రెండు డిపార్ట్‌మెంట్లలో దేనికీ సరిపోదు. ఎక్కడో "ఈ యూనివర్సిటీ యాక్సెప్టెన్స్ రేటు ఇంత" అని చూసి కాలేజీల లిస్టు రాసుకునే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ నంబరు వాళ్లు అప్లై చేసే ప్రోగ్రామ్ గురించి ఏమీ చెప్పదు.

అదే పేపర్‌లో ఇంకో సంగతి ఉంది, దాన్ని జనం అంతగా పట్టించుకోరు. తేలిగ్గా అడ్మిషన్ వచ్చిన డిపార్ట్‌మెంట్లలో ఎక్కువ శాతం డిగ్రీలో మ్యాథ్స్ గట్టిగా చదివి ఉండాల్సినవి. సబ్జెక్టు కష్టమైనది అయితే సీటు కూడా కష్టమే అని మనం అనుకుంటాం కదా, అక్కడ అది తలకిందులు. ఆ సబ్జెక్టుకి తగిన ప్రిపరేషన్ ఉన్నవాళ్లే తక్కువ, దాంతో ఉన్న సీట్లతో పోలిస్తే అప్లై చేసేవాళ్లు తక్కువే. చదువు ఎంత కష్టం అన్నది ఒకటి, లోపలికి రావడం ఎంత కష్టం అన్నది ఇంకొకటి. రెండూ కలిపేసుకుంటే ఎక్కడ అప్లై చెయ్యాలో తెలియక తికమక పడతాం.

దీన్ని జర్మనీ వాళ్ల పద్ధతిలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ నుమెరుస్ క్లౌజుస్ అంటారు, పొట్టిగా ఎన్‌సీ. మెడిసిన్‌కి ఎన్‌సీ 1.0 దగ్గర్లో ఉంది అంటే (వాళ్ల గ్రేడింగ్‌లో 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాస్) ఎవరో కూర్చుని ఇంత ఉంటేనే డాక్టర్ అవ్వగలడు అని తేల్చారని కాదు. సీట్లు ఇన్ని, వచ్చిన అప్లికేషన్లు ఇన్ని, పై నుంచి నింపుకుంటూ వస్తే చివరి సీటు ఎవరికి దొరికిందో ఆ మనిషి గ్రేడే ఎన్‌సీ. వచ్చే సెమిస్టర్ జనం తగ్గితే అదీ సడలుతుంది. మెడిసిన్ విషయంలో అయితే 2017 డిసెంబర్‌లో వాళ్ల రాజ్యాంగ కోర్టు ఈ పద్ధతిలో కొన్ని భాగాలు రాజ్యాంగానికి విరుద్ధం అంది, ఆ తర్వాత మార్చిన రూల్స్ ప్రకారం ప్రధాన కోటాల్లో 30 శాతం సీట్లే స్కూల్ ఫైనల్ గ్రేడ్‌తో నిండుతాయి, 10 శాతం గ్రేడ్ చూడకుండా మిగతా అర్హతలతో, 60 శాతం యూనివర్సిటీలు సొంతంగా ఎంచుకునేవి. కాబట్టి కటాఫ్ చూసినప్పుడు అది ఎవరో పెట్టిన ప్రమాణమా, లేక రద్దీ వల్ల తేలిన అంకెనా అని ముందు కనుక్కోండి. రద్దీ వల్ల వచ్చిన అంకె అయితే పోయిన ఏడాదిది చూసి గుండెలు బాదుకోవక్కర్లేదు, ధీమాగానూ ఉండక్కర్లేదు.

మరి ఎన్‌సీ లేని కోర్సులు తేలికా? లోపలికి రావడం తేలిక, నిలబడటం వేరే. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే టెక్నికల్ యూనివర్సిటీ చూడండి, స్విస్ స్కూల్ ఫైనల్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి బ్యాచిలర్స్‌లో దాదాపు ఏ కోర్సుకైనా ఎంట్రన్స్ లేకుండానే తలుపు తెరిచి ఉంటుంది, మెడిసిన్ మాత్రం వేరు. కానీ మొదటి ఏడాది చదువు మీద ఒక పరీక్ష పెడతారు, అది పోతే మళ్లీ ఒక్కసారే ఛాన్స్, రెండోసారీ పోతే ఆ కోర్సు నుంచి బయటికే. ప్రతి కోర్సుకీ జల్లెడ ఎక్కడో ఒకచోట ఉంటుంది, గుమ్మం దగ్గర లేకపోతే మొదటి ఏడాదిలో ఉందేమో చూడాలి. గుమ్మం దగ్గర లేదని సంతోషపడి చేరిపోయి ఏడాది పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను, వాళ్లకి తెలివి లేక కాదు, ఎవరూ చెప్పక.

ఇక అసలు విషయానికి వస్తాను. మా కమిటీలో ఏం జరిగేదో చెప్తే మీ 3.7 ఎందుకు సరిపోలేదో మీకే తెలుస్తుంది. ఒక ఏడాది నా ముందుకు రెండు ఫైళ్లు ఒకే రోజు వచ్చాయి. మొదటి అమ్మాయిది 3.9. ట్రాన్స్‌క్రిప్ట్ చూడముచ్చటగా ఉంది. మా సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన జీపీఏ వైపు చూడకుండా పెన్సిల్ తీసి ట్రాన్స్‌క్రిప్ట్ మీద సున్నాలు చుట్టడం మొదలుపెట్టారు, ఆయన అలవాటు అది, మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్ (కాల్‌క్యులస్‌ని రుజువులతో సహా చదివే కోర్సు), ప్రాబబిలిటీ, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, ఈ ఐదింటికే. ఆ అమ్మాయి ఫైల్లో కాల్‌క్యులస్ బీ ప్లస్, లీనియర్ ఆల్జీబ్రా బీ, ప్రాబబిలిటీ ఏ మైనస్, మిగతా రెండూ అసలు తీసుకోలేదు. 3.9 అంతా మేనేజ్‌మెంట్ కోర్సులు, ప్రాజెక్టుల నుంచి వచ్చింది. రెండో అబ్బాయిది 3.4. మొదటి ఏడాదిలో మ్యాథ్స్ కాని సబ్జెక్టుల్లో మూడు సీలు ఉన్నాయి. సున్నాలు చుట్టిన ఐదూ ఏ గానీ ఏ మైనస్ గానీ, పైగా వాటికంటే పై స్థాయి మ్యాథ్స్ కోర్సు మెజర్ థియరీ కూడా సొంతంగా తీసుకున్నాడు. రికమెండేషన్ లెటర్‌లో వాళ్ల సార్ ఒక వాక్యం రాశారు, క్లాసులో ఇతను అడిగిన ఒక డౌట్‌కి జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ డౌట్ ఇదీ అని ప్రశ్నతో సహా. ఆ లెటర్ చదివాక టేబుల్ చుట్టూ ఎవరికీ అనుమానం మిగల్లేదు, అబ్బాయిని తీసుకున్నాం.

అంటే ఆ అమ్మాయి తక్కువదని కాదు. అదే యూనివర్సిటీలో పబ్లిక్ పాలసీ వాళ్లు ఆ అమ్మాయికి స్కాలర్‌షిప్‌తో సీటిచ్చారని తర్వాత తెలిసింది. వాళ్లకి కావలసింది డేటా చదివి దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా రాయగలిగిన మనిషి, ఆ ప్రాజెక్టుల్లో అది స్పష్టంగా కనిపించింది. మాకు ఉన్న భయం వేరు. మా దగ్గర మొదటి సెమిస్టర్‌లోనే థియరీ కోర్సు ఉంటుంది, రియల్ ఎనాలిసిస్ లేకుండా వచ్చినవాళ్లు అక్కడే కూలిపోయేవాళ్లు, అలా జరగడం కళ్లారా చూశాం కాబట్టి ఆ ఐదు కోర్సుల చుట్టూ సున్నాలు. ఏ ప్రోగ్రామ్ స్టాండర్డ్ అర్థం కావాలన్నా ఇదొక్కటి అడగండి: ఇక్కడ చేరినవాళ్లు ఫెయిలైతే ఎక్కడ ఫెయిలవుతారు? కమిటీ చూసేది సరిగ్గా అక్కడికే.

ఆ కన్నుతో చూస్తే తేడాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కేంబ్రిడ్జ్ మ్యాథ్స్ వాళ్లు ఏ-లెవెల్స్‌లో (బ్రిటన్‌లో స్కూల్ చివరి పరీక్షలు) రెండు ఏ స్టార్లు, ఒక ఏ అడిగి ఊరుకోరు, పైన స్టెప్ అనే పరీక్షలో 2, 3 పేపర్లు రెండింట్లోనూ గ్రేడ్ 1 అడుగుతారు. ఆ పేపర్ మూడు గంటలు, 12 ప్రశ్నల్లో బాగా రాసిన ఆరింటినే లెక్కిస్తారు, అంటే ఒక్కో ప్రశ్నతో అరగంట కుస్తీ పట్టగలవా అన్నదే పరీక్ష, వాళ్ల కోర్సు కూడా అలాంటిదే కాబట్టి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిపి ఉండే పీపీఈకి మూడు ఏలు అడుగుతారు, అక్కడే మ్యాథ్స్‌కి రెండు ఏ స్టార్లు, ఒక ఏ. గ్రేడ్లు తక్కువ అడిగారు కదా అని పీపీఈ తేలిక అనుకునేరు, పోటీ విపరీతంగా ఉంటుంది, వాళ్లు వడపోసేది గ్రేడ్ దగ్గర కాదు అంతే, ఇంటర్వ్యూ లాంటి మిగతా చోట్ల. మ్యూజిక్ కన్సర్వేటరీల్లో ఆడిషన్ ముందు మార్కులు నిలబడవు, ఆర్కిటెక్చర్, డిజైన్ కోర్సుల్లో చాలాచోట్ల పోర్ట్‌ఫోలియోనే మాట్లాడుతుంది. ఎంబీఏ వాళ్లు ఉద్యోగంలో ఏం చేశారో చూస్తారు. ఎకనామిక్స్ పీహెచ్‌డీ వాళ్లు, చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఎకనామిక్స్ కోర్సులతో పాటు మా లాగే రియల్ ఎనాలిసిస్ కోసం వెతుకుతారు. అమెరికాలో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ చూడండి, బయటివాళ్లు సైకాలజీయే కదా అని తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఒక్కో ప్రొఫెసర్ ఏడాదికి ఒకరినో ఇద్దరినో మించి తీసుకోరు, దగ్గరుండి ట్రైనింగ్ ఇవ్వాలి కదా, పైగా ఎవరూ తీసుకోని ఏడాదీ ఉంటుంది. అందుకే అందులో సీటు దొరకడం మహా కష్టం.

జర్మనీలో మాస్టర్స్ పెట్టేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారు. మార్కుల్ని వాళ్ల గ్రేడ్‌లోకి మార్చడానికి బవేరియన్ ఫార్ములా వాడతారు, గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠం, పాస్ మార్కుల తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. 10 గరిష్ఠం, 4 పాస్, మీది 8 అయితే 2.0 వస్తుంది. ఈ లెక్క అందరూ వేసుకుంటారు. చాలామంది వెయ్యని లెక్క ఏంటంటే ఫలానా సబ్జెక్టులో ఇన్ని క్రెడిట్లు చదివి ఉండాలి అని ప్రోగ్రామ్ రూల్స్‌లో రాసిన భాగం. గ్రేడ్ ఎంత బాగున్నా ఆ క్రెడిట్లు లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది, మెరిట్ చూసే దాకా పోదు.

మీ ఫ్రెండ్ విషయానికి వద్దాం. పీహెచ్‌డీ, ఎంఎస్ కంటే పెద్ద చదువు కదా, తక్కువ జీపీఏతో ఎలా ఇచ్చారు అని మీ మనసులో ఉంది, అది సహజమే. పీహెచ్‌డీలో డబ్బు డిపార్ట్‌మెంట్‌దో ప్రొఫెసర్ గ్రాంట్‌దో, నాలుగైదేళ్లు ఒక మనిషిని పోషించాలి, కాబట్టి అక్కడి ప్రశ్న ఈ క్యాండిడేట్ మంచి స్టూడెంటా అని కాదు, ఈ రీసెర్చ్ పని ఈ మనిషి చెయ్యగలడా, ఫలానా ప్రొఫెసర్ వేలు పట్టుకుని నడిపిస్తానంటున్నారా అని. మీ ఫ్రెండ్‌కి సప్లై చైన్‌లోనో షెడ్యూలింగ్‌లోనో ఏదో పని చేసిన అనుభవం ఉండి ఉంటుంది, అక్కడ అదే పని నడుస్తుండి ఉంటుంది, అడిగి చూడండి. ఎంఎస్‌లో మామూలుగా ఫీజు స్టూడెంట్‌దే, ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు, కానీ స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ లాంటివాటికి జనం విరగబడుతున్నారు కాబట్టి కమిటీ చేతిలో ఒక్కో ఫైలుకి ఉండే టైమ్ తక్కువ, అప్పుడు కోర్సుల లిస్టు, వాటి గ్రేడ్లే ముందు మాట్లాడతాయి. ఒకదాంట్లో ఒక మనిషిని ఎంచుకుంటారు, ఇంకోదాంట్లో ఒక బ్యాచ్‌ని.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, తేలికైన దాంట్లో చేరి మారడం. దయచేసి ఈ ప్లాన్ మీద ఏడాది ఫీజు పెట్టకండి. ఎంఎస్ లెవెల్‌లో డిపార్ట్‌మెంట్ మారడం అంటే చాలాచోట్ల మళ్లీ కొత్తగా అప్లై చెయ్యడమే, అదే కమిటీ, అదే పెన్సిల్, అవే సున్నాలు. బ్యాచిలర్స్‌లో కూడా కంప్యూటర్ సైన్స్ లాంటి రద్దీ ఉన్న కోర్సులకి వెనక గుమ్మాలు మూసుకుపోతున్నాయి. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి ఎక్కువమందిని మొదట్లోనే నేరుగా తీసేసుకుంటారు, వేరే కోర్సులో చేరి తర్వాత మారాలనుకునేవాళ్లకి మిగిలేది చాలా కొద్ది సీట్లు. కార్నెగీ మెలన్‌లో అయితే మొదటి నుంచీ ఏ కాలేజీకి అప్లై చేశారో అందులోకే అడ్మిషన్, కంప్యూటర్ సైన్స్ స్కూల్‌ది వేరే పోటీ. మొదటి డిపార్ట్‌మెంట్ చదువు మీకు నిజంగా ఇష్టమైతే చేరండి, అక్కడి నుంచి మీకు కావలసిన స్టాటిస్టిక్స్ కోర్సులు ఎలక్టివ్స్‌గా తీసుకోనిస్తారా అని ముందే కనుక్కోండి, చాలాసార్లు మీకు కావలసిన చదువులో సగం అలాగే దొరుకుతుంది. ఇష్టం లేని చోట మెట్టు లాగా వాడుకుందామని చేరితే మాత్రం అక్కడ మార్కులూ రావు, ఇక్కడ సీటూ రాదు.

వచ్చే ఏడాదికి మీరు చెయ్యాల్సింది ఇంకోటి ఉంది. మీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద నేను చెప్పిన ఆ ఐదు కోర్సులకీ మీరే సున్నాలు చుట్టుకోండి. ఏది లేదో, ఏది బీ దగ్గర ఆగిందో తెలుస్తుంది. లేని కోర్సుని ఏదైనా గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో గ్రేడ్ వచ్చేలా చదవండి, సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చే ఆన్‌లైన్ కోర్సులు మా టేబుల్ దగ్గర పెద్దగా పనిచేసేవి కావు. ప్రోగ్రామ్ పేజీలో ఒక కోర్సు ఉంటే మంచిది అని రాసుంటే ఉండి తీరాలి అనే చదువుకోండి, ఎందుకంటే మీతో పోటీ పడేవాళ్లలో ఎక్కువమందికి అది ఉంటుంది. అప్లికేషన్లు ఎన్ని వచ్చాయి, సీట్లెన్ని అన్నది కొన్ని చోట్ల కోర్సు వారీగానే దొరుకుతుంది, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చాలా కోర్సుల పేజీల్లో పెడతారు, దొరికిన చోట యూనివర్సిటీ ర్యాంకు కంటే ముందు అది చూడండి.

దొరకని చోట ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టండి. నా ప్రొఫైల్‌కి ఛాన్స్ ఉందా అని అడిగితే ఎవరూ చెప్పరు, చెప్పలేరు కూడా. పోయిన ఏడాది చేరినవాళ్లలో ఎక్కువమంది ఏ మ్యాథ్స్ కోర్సులు చదివి వచ్చారు, మొదటి సెమిస్టర్‌లో తప్పనిసరి కోర్సులేంటి, వాటికి ఏ పుస్తకం వాడతారు అని అడగండి, వీటికి చాలామంది జవాబిస్తారు. ఆ పుస్తకం తెచ్చుకుని మొదటి రెండు చాప్టర్ల లెక్కలు చేసి చూడండి, సెప్టెంబర్‌లోపు చేస్తే డిసెంబర్ డెడ్‌లైన్‌కి ఏ ప్రోగ్రామ్‌కి పెట్టాలో మీకే తెలిసిపోతుంది. మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో మ్యాథ్స్ కోర్సుల గ్రేడ్లు ఇక్కడ రాయండి, వాటిని చూసి ఏది ముందు సరిచేసుకోవాలో చెప్తాను.